తుప్పు వదిలించే చెయ్యి

దమ్ముల రోజులొచ్చాయంటే అరసవల్లి చుట్టుపక్కల పొలాల్లో పాత ట్రాక్టర్ల టైర్లు విప్పి ఇనప చక్రాలు ఎక్కించాలి. ఏళ్ల తరబడి బురదలో నాని, ఉప్పుగాలి సోకిన బోల్టులు ఓ పట్టాన కదలవు. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే మరల సందుల్లో అంతలా బిగుసుకుపోతుంది. మెకానిక్ పనితనం తెలిసేది అక్కడే. జాకీ మీద లేపితే చక్రం తిరిగిపోతుంది కనక, అది నేల మీదుండగానే పని మొదలెడతాడు. ఇనప బ్రష్షుతో మట్టీ తుప్పూ గీకి, డీజిల్ పోసి రాత్రంతా నాననిస్తాడు. మర్నాడు నట్టు పలకల మీద సుత్తితో చుట్టూ చిన్న దెబ్బలు. ఆ అదురుకు తుప్పు చిట్లి, నూనె లోపలికి దిగుతుంది. తర్వాత సరిగ్గా పట్టే రింగు పానా, దానికి పొడుగాటి పైపు. విప్పేముందు కాస్త బిగించే వైపు నొక్కుతాడు. టిక్కుమన్న చప్పుడు వినపడగానే చెయ్యి ఆగుతుంది. ఇక కొంచెం వదులు, కొంచెం బిగువు, మళ్లీ వదులు. అప్పటికీ మొండికేస్తే గ్యాస్ మంట: టైరులో గాలి తీసేసి, డీజిల్ శుభ్రంగా తుడిచి, నట్టుకు మాత్రమే సెగ తగిలిస్తాడు. వేడికి నట్టు సాగి పట్టు వదులుతుంది. కండబలం బోల్టును విరగ్గొడుతుంది. పనితనం దాన్ని మళ్లీ వాడుకునేలా చేతికిస్తుంది. అదును దాటకుండా మడి దున్నించే ఈ చేతికి కూలి ఇచ్చేటప్పుడు బేరమాడకండి.