తడి రాయికి తారు పట్టదు

మా మోపిదేవిలో వేసవి ముదిరిందనడానికి చిన్నప్పుడు నాకు రెండు వాసనలు గుర్తు. కాలువలకు నీళ్లు కట్టేశాక అడుగున ఎండుతున్న బురద వాసన ఒకటి. రోడ్డు వారన కాగుతున్న తారు వాసన రెండోది. డ్రమ్ముల్లో గడ్డకట్టిన తారును కట్టెల మంట మీద కరిగించేవారు. కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకున్న మనిషి చిల్లుల డబ్బాతో వేడి తారు పోసుకుంటూ వెళ్లేవాడు. అతను పోసిన చోటల్లా తట్టలు పట్టుకున్న ఆడవాళ్లు రాతి చిప్స్ చల్లేవారు. తట్టను నడుముకు ఆనించి ఒక్క విసురు విసిరితే రాయి పరుచుకుపోయేది. నారుమడిలో మొలక చల్లే చేతికి ఎంత నేర్పు కావాలో ఆ విసురుకీ అంతే కావాలి. ఒకచోట కుప్ప పడకూడదు, ఇంకోచోట నలుపు కనపడకూడదు. పైగా తారు చల్లారకముందే పడాలి.

ఒకరోజు చిప్స్ గుట్ట దగ్గర ఆడుకుంటూ దాని మీద చెంబుడు నీళ్లు పోశాను. పాలమూరు నుంచి పనికొచ్చిన ఒకామె పరుగున వచ్చి చెంబు లాక్కుంది. కోప్పడలేదు. తడిసిన రాళ్లను చేతులతో ఏరి, ఎండలో విడిగా పరుస్తూ, "తడి రాయికి డాంబరు వట్టదు బిడ్డా" అంది. మేం తారు అనేదాన్ని ఆమె డాంబరు అంది. ఆ మాట కొత్తగా అనిపించి అప్పుడు గుర్తుపెట్టుకున్నాను. అందులో ఉన్న పనితనం తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

తారు పోసి చిప్స్ చల్లే ఈ పనిని ఇంజినీర్లు సర్ఫేస్ డ్రెస్సింగ్ అంటారు. కొన్ని దేశాల్లో దీని పేరు చిప్ సీల్. మనం తారు అంటున్నాం గానీ అసలైన తారు బొగ్గు నుంచి తీసేది. ఇప్పుడు రోడ్ల మీద పోసేది ముడిచమురు శుద్ధిచేయగా మిగిలే బిటుమెన్. దాన్ని వేడిగా పిచికారీ చేసి, పైన ఒకే సైజు చిప్స్ పరిచి, రోలర్ తిప్పితే పని అయిపోతుంది. 13 మిల్లీమీటర్ల చిప్స్ అయితే చదరపు మీటరుకు సుమారు కిలో బిటుమెన్, ఘనపు మీటరులో నూరో వంతు రాయి పడుతుంది. 3.75 మీటర్ల వెడల్పున్న పల్లె రోడ్డు కిలోమీటరుకు లెక్క వేస్తే నాలుగు టన్నులకు లోపు బిటుమెన్, 38 ఘనపు మీటర్ల చిప్స్. అంతే సరుకు. అందులో కష్టమంతా కొలతలోనే ఉంది. బిటుమెన్ తగ్గితే రాయి ఊడిపోతుంది. ఎక్కువైతే ఎండల్లో తారు పైకి ఉబికి చెప్పులకు అంటుకుంటుంది, వానలో బండి జారుతుంది. రాయి చుట్టూ దుమ్ము ఉంటే తారు ఆ దుమ్మునే పట్టుకుంటుంది, రాయి దానంతట అది లేచి వచ్చేస్తుంది.

ఈ పూత బరువు మొయ్యదు. ఈ సంగతి తెలియకే దీన్ని చాలామంది చులకనగా చూస్తారు. లారీ బరువు మోసేది కింద పరిచిన కంకర, దాని కింద గ్రావెల్, ఆ కింద మన నేల. పూత చేసేది గొడుగు పని. వాన నీరు పగుళ్లలోంచి కిందికి దిగకుండా కాపాడుతుంది. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియా పల్లె ప్రాంతాల్లో తారు రోడ్లలో ఎక్కువ భాగం ఇలాంటి పూత వేసినవే. అక్కడ పూత అరిగిందని చూసి, గుంటలు పడకముందే పైన మరో పూత వేస్తారు.

గొడుగు అవసరం మా దివిసీమకున్నంతగా మరెవరికుంటుంది? మా రోడ్డుకు ఒకవైపు పంట కాలువ, ఇంకోవైపు వరి చేను. కోడూరు, నాగాయలంక వైపు వెళితే చేను ఉండాల్సిన చోట చెరువులు. కింద నల్లమట్టి ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. రాయి అసలే లేదు. చిప్స్ అన్నీ పరిటాల, దొనబండ వైపు క్వారీల నుంచి లారీల్లో దిగాల్సిందే. అంత దూరం నుంచి తెచ్చుకున్న రాయిని నిలబెట్టుకోవడం తెలియకపోతే ఎలా?

కొన్నేళ్ల కిందట మా సందుకు పూత వేశారు. తొలకరి పడ్డాక, రాత్రి వాన కురిసిన మర్నాడు. చిప్స్ గుట్ట కింద ఇంకా నీరు కారుతోంది. ఆరనివ్వండి అని అడిగాను. బిల్లు గడువు దగ్గరపడిందన్నారు. సంక్రాంతికల్లా చిప్స్ అన్నీ సందు అంచులకు చేరాయి. చీపురుతో ఊడ్చి బస్తాల్లోకి ఎత్తాను. చేతిలోకి తీసుకుని చూస్తే ఒక్క రాయికీ తారు మరక లేదు, ఇంటి ముందు పోసిన రోజు ఎంత శుభ్రంగా ఉందో అలాగే ఉంది. పాలమూరు అమ్మ ఏమందో ఆ రోజు పూర్తిగా అర్థమైంది. ఆమె చేతికి తెలిసిన సంగతిని టెండరు కాగితం మీద గడువు కొట్టేసింది.

తప్పంతా వేసేవాళ్లదే అనను. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే ఒక చేను నుంచి మరో చేనుకు రోడ్డెక్కి వెళ్తాయి. చక్రానికున్న ఒక్కో పట్టీ తారులో ఒక్కో గాటు పెడుతుంది. ఉదయాన్నే వెళ్లి చూడండి, నల్లటి రోడ్డు మీద జానెడేసి దూరంలో అడ్డంగా తెల్లటి గీతలు కనిపిస్తాయి. ఆ గీత లోతు అర అంగుళం కూడా ఉండదు. కానీ పూత మందమే అంత. మొదటి వానకు నీరు అక్కడినుంచే కిందికి దిగుతుంది. చక్రాలు చేను గట్టున బిగించుకుంటే అరగంట పని, అదీ ఇద్దరు మనుషులుంటే. కూలి దొరకని రోజుల్లో ఆ అరగంట రైతుకు భారమే, ఒప్పుకుంటాను. అయినా అదే రోడ్డు మీద రేపు అతని ధాన్యం లారీ వెళ్లాలి.

పంచాయతీ సభ్యులకు, రోడ్ల అధికారులకు నా విన్నపం ఒక్కటే. పూత పనులు కాలువలు కట్టేసిన రోజుల్లోనే పూర్తి చేయించండి. చిప్స్ వారం ముందే దింపించి, ఎండనిచ్చి, జల్లించి వాడండి. రోడ్డు అంచున మట్టి పేరుకుని వాన నీరు నిలుస్తుంటే ముందు అది తీయించండి. కాలువలకు నీళ్లు వదిలాక పూత పని ఎవరు మొదలుపెట్టబోయినా, చిప్స్ గుట్టలో చెయ్యి పెట్టి చూడమని ఊరివాళ్లను కోరుతున్నాను. చెయ్యి తడిస్తే ఆపించండి.