పూజ్యం

తెలంగాణలో కవులు పూజ్యమన్న మాటకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చారు. 354 మంది కవులను లోకం ముందు నిలబెట్టారు. పూజ్యమంటే సున్నా. పేపరు తెరవకుండానే వేసిన మార్కు అది.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక అమ్మాయికి తెలుగులో వచ్చిన 99 మార్కులు సున్నాగా నమోదయ్యాయి. ఆ రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైనవారి పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ పరిశీలించమంది. లెక్క తప్పింది కనుక లెక్క సరిచేశారు. మరి చదవడంలో జరిగే తప్పు మాటేమిటి?

జవాబు పత్రం మీద పేరు కనిపించకపోతే న్యాయం జరిగినట్టేనని మనకొక నమ్మకం. పేరు దాచినా భాష దాగదు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ చదువుతున్న అమ్మాయి స్త్రీల శ్రమ గురించి రాస్తూ, 'మా అవ్వ కైకిలికి పోయి పొద్దుగూకినంక వచ్చింది' అని రాసిందనుకుందాం. కైకిలి కింద ఎర్రగీత పడితే ఆమెకు ఏమర్థమవుతుంది? తన మాట తప్పు, తన తల్లి మాట తప్పు. మార్కు పోయిన కారణం మాత్రం ఎవరూ చెప్పరు. మళ్లీ దిద్దించినా, అదే చూపుతో దిద్దితే అదే గీత పడుతుంది.

మెచ్చుకోలులోనూ వివక్ష ఉంది. దస్తూరి ముత్యాల్లా ఉందని ఆడపిల్లకు చెప్తాం. ఆమె వాదన గురించి మాట్లాడం. ఒద్దికకు మార్కులు, ఆలోచనకు మౌనం. కోపంగా రాసిన వాక్యాన్ని 'ఆవేశం' అని కొట్టేస్తాం.

అలాగని జాలితో మార్కులు కలపమని కాదు. అదీ అవమానమే. 'ఈ మాట నీది, ఉంచు. అవ్వ పొద్దుగూకినంక వచ్చి మళ్లీ వంట చేసింది కదా, ఆ పనికి కూలి ఎందుకు లేదో రాయలేదు. అక్కడే నీ జవాబు ఆగిపోయింది' అని మార్జిన్‌లో రాస్తే, తగ్గిన రెండు మార్కులకు అర్థం ఉంటుంది. ఆమె మళ్లీ రాయగలుగుతుంది.

వందల పేపర్ల కట్టల మధ్య ఇదంతా కుదరదంటారు. స్పాట్‌లో కుదరకపోవచ్చు. మన క్లాసులో, మన చేతిలో ఉన్న అసైన్‌మెంట్ల మీద ఎందుకు కుదరదు? స్త్రీల రచనలను కొలిచిన కొలబద్దలను ప్రశ్నించి ఇంత దూరం వచ్చిన మనం, మన చేతిలోని ఎర్ర పెన్నును కూడా ప్రశ్నించాలి.