గోడ మీది తల్లి, ఇంట్లోని బాలింత

ప్రతి ఏడాది ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అంగన్‌వాడీ గోడల మీద, ఆరోగ్య ఉపకేంద్రాల గుమ్మాల మీద ఆ వారం ఫ్లెక్సీలు వేలాడతాయి. వాటిలో తల్లి బొమ్మ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. దువ్విన జుట్టు, నలగని చీర, నవ్వు ముఖం, కళ్లు మూసుకొని హాయిగా తాగుతున్న బొద్దు పిల్ల. కింద 'అమృతం' అని ఒక మాట. మేము ఈ వ్యాసంలో ఆ బొమ్మను ఒక రచనగా చదవాలనుకున్నాం. మా తండాల్లో, చెంచుపెంటల్లో తల్లిపాల గురించి అచ్చులో కనబడేది చాలాసార్లు అదొక్కటే కాబట్టి.

ఆ బొమ్మలో లేనిది ఏమిటో చెప్పాలంటే ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి.

సాధారణ కాన్పు అయితే రెండో రోజో మూడో రోజో 102 బండి బాలింతను తండా దగ్గర దించిపోతుంది. అప్పటిదాకా చుక్కలు చుక్కలుగా వచ్చిన ముర్రుపాలు సరిగ్గా ఆ వేళకే పలచనై, ఎక్కువై, రొమ్ములు నిండుతాయి. నిండడమంటే ఫ్లెక్సీలో ఉన్నట్టు కాదు. రాళ్లలా గట్టిపడి, సలుపుతూ, చెయ్యి తగిలితే కన్నీళ్లొచ్చేట్టు ఉంటుంది. చనుమొన చదునైపోయి పిల్ల నోటికి అందదు. అందిన కొసను మాత్రమే పట్టుకొని పిల్ల గుంజుతుంది. మొన పగులుతుంది, నెత్తురు కనబడుతుంది. మళ్లీ పిల్ల ఏడిస్తే తల్లికి ఒళ్లు వణుకుతుంది, ప్రేమ లేక కాదు, నొప్పి గుర్తొచ్చి. రాత్రి రెండు దాటాక ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "పాలు వడలేదు."

ఆ ఒక్క మాటతో కథ మారిపోతుంది. తెల్లారేసరికి తండ్రి బండి మీద పోయి డబ్బా పాలు తెస్తాడు. డబ్బా కొనలేని ఇంట్లో మేకపాలు, బర్రెపాలు నీళ్లు కలిపి పడతారు. కడుపు నిండిన పిల్ల నిద్రపోతుంది, చన్ను తాగదు. తాగకపోతే పాలు తగ్గుతాయి. వారం తిరిగేసరికి "చూసినవా, నిజంగనే పాలు లేవు" అంటారు. అనుకున్నది నిజమైపోతుంది.

ఈ రాత్రి మా సాహిత్యంలో ఎక్కడుంది? వెతికాం. తల్లిపాలు మాత్రం తెలుగులో అంతటా ఉన్నాయి. తల్లిపాల రుణం ఉంది, రొమ్ము తాగి రొమ్ము గుద్దడం ఉంది, ఉగ్గుపాలతో నేర్చుకోవడం ఉంది. సభల్లో మా వక్తలు కూడా భాష గురించీ, అడవి గురించీ మాట్లాడుతూ తల్లిపాలను వాడుకుంటారు. వాడుకున్న ప్రతిచోటా పాలు ఉన్నాయి, ఇచ్చిన మనిషి లేదు. పోతన భాగవతంలో పూతన కథ మనందరం విన్నదే. తెలుగులో చన్నిచ్చిన ఆడది ఒళ్లంతా మనిషిలా, బాధతో అరిచేట్టు కనబడే తావుల్లో అదొకటి. ఆమె రాక్షసి. యశోద మాత్రం నొప్పి లేకుండా ఇస్తుంది. మంచి తల్లికి నొప్పి ఉండదని ఈ జంట మనకు చిన్నప్పుడే నేర్పిపోయింది.

మా ప్రాంతానికే వస్తే, గద్వాల జిల్లా అలంపురంలో ఒక పాత శిల్పం ఉంది. చాళుక్యుల కాలపుదని చెబుతారు. కాన్పు భంగిమలో కూర్చున్న తల్లి, నిండైన రొమ్ములు, తల ఉండాల్సిన చోట తామరపువ్వు. చరిత్రకారులు లజ్జాగౌరి అంటారు. పిల్లలు కావాలని ఆడవాళ్లు మొక్కిన తల్లి. ఆ శిల్పం గొప్పది, దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని ఫ్లెక్సీ ముందు నిలబడ్డప్పుడు మాకు అదే గుర్తొస్తుంది. ఫ్లెక్సీలో తల ఉంది గాని అందులో ఆలోచన, భయం, నిద్రలేమి ఏవీ లేవు. శిల్పి కనీసం దాపరికం లేకుండా పువ్వు పెట్టాడు.

నల్లమల వైపు మరో కథ. చెంచుస్త్రీ అనగానే తెలుగు వాళ్లకు 'చెంచులక్ష్మి' గుర్తొస్తుంది. 1943లో ఒకసారి, 1958లో మరోసారి సినిమాగా వచ్చింది. అడవిలో పూలు, విల్లు, నరసింహస్వామి ప్రేమ, పెళ్లి. చెంచుపిల్ల అందం దగ్గర మొదలైన కథ పెళ్లి ముచ్చటతోనే నిలిచిపోయింది. ఆ తర్వాత ఆమె అప్పాపూర్‌లోనో మల్లాపూర్‌లోనో పచ్చి బాలింతగా కూర్చున్న సంగతి ఏ సినిమాకూ అక్కర్లేదు. మా లంబాడీల పాటల్ని కూడా వదలం. మగపిల్లవాడు పుట్టిన ఏడాది హోలీకి ధూండ్ చేస్తాం, పాడతాం, ఆడతాం. బతికి బట్టకట్టిన బిడ్డకు పండుగ అది. మూడో రాత్రి యాడి ఏడుపుకు పాట ఉందా అని మా ఇళ్లలో అడిగితే, మేము విన్నంతలో ఎవరూ పాడి వినిపించలేదు. అడిగేవాళ్లు లేక పాడలేదో, అసలు లేదో. ఆడపిల్ల పుడితే ఆ రాత్రి ఇంకెంత నిశ్శబ్దంగా గడుస్తుందో వేరే చెప్పాలా?

ఇక నివేదికల సంగతి. గిరిజనుల ఆరోగ్యం మీద రాసే పుస్తకాల్లో, బీఈడీ నోట్సుల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: మూఢనమ్మకాల వల్ల గిరిజన తల్లులు ముర్రుపాలు పారబోస్తారు. పారబోసిన ఇళ్లు మాలో ఉన్నాయి, దాచం. కాని అదే పని చేసిన ఊరి పెద్దిళ్లను ఆ వాక్యం ఎందుకు ఎత్తదు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా పుట్టిన గంటలోపు చన్ను అందిన పిల్లలు సగానికి కూడా చేరలేదు. కాన్పుల్లో 60 శాతానికి పైగా కడుపుకోతలే. మత్తు దిగని తల్లి ఒక చోట, పిల్ల ఇంకో చోట ఉంటే మొదటి గంట ఎవరి మూఢనమ్మకం వల్ల పోయినట్టు? నింద మాత్రం తండా మీదికే వచ్చింది.

అంతమాత్రాన మావన్నీ మంచివే అని రాస్తే అది కూడా ఇంకో ఫ్లెక్సీ అవుతుంది. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వొద్దని దాహంతో ఉంచే పథ్యం మా ఇళ్లలో ఉంది, అది తప్పు. పుట్టిన పిల్ల నాలుక మీద తేనె రాయడం ఉంది. చెంచులకు తేనె అంటే బతుకు, తాళ్ల మీద వేలాడి తెచ్చేది. అయినా ఏడాది నిండని పిల్లకు తేనె పెట్టకూడదు. అందులో ఉండే సూక్ష్మజీవుల బీజాలు ఆ లేత పేగులో విషం పుట్టించగలవు. ఆముదం చుక్క, చక్కెర నీళ్లు కూడా వద్దు. ఇవన్నీ మానమని చెప్పడం తేలికే. మానాక ఆ రాత్రి ఏం చేయాలో చెప్పేవాళ్లు కావాలి.

'అమృతం' అనే మాట దగ్గరే మాకు అసలు పేచీ. అమృతం అంటే కుండలో ఉండే వస్తువు. కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు. దొరకని తల్లి పాపాత్మురాలు. పాలు అట్లాంటివి కావు. మా వాళ్లకు తెలిసిన పోలిక ఒకటుంది, చెలిమె. వాగు ఇసుకలో చేత్తో గుంట తీస్తే మొదట తడి, తర్వాత చారెడు నీళ్లు. తోడితే ఊరుతుంది. తోడడం ఆపితే ఇసుక కూడుతుంది. పిల్ల చన్ను గుంజినప్పుడు తల్లి మెదడుకు కబురు పోతుంది, అక్కడి నుంచి వచ్చే హార్మోన్ల వల్ల పాలు తయారై దిగుతాయి. మొదటి రోజుల్లో పిల్ల పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగడం సహజం. గంటగంటకూ అడిగే సాయంత్రాలూ ఉంటాయి. అది పాలు లేవని చెప్పే గుర్తు కాదు, ఇంకా ఊరమని చెలిమెను అడగడం. గట్టిపడిన రొమ్మును వెచ్చటి గుడ్డతో కాపి, కొంచెం చేత్తో పిండితే మెత్తబడుతుంది. అప్పుడు పిల్ల నోరు బాగా తెరిచాక దగ్గరికి తీసుకుంటే, మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోతుంది, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. అట్లా పడితే నొప్పి తగ్గుతుంది, పగుళ్లు మానతాయి. ఎట్లా చేసినా పట్టకపోతే పిండిన పాలే ఉగ్గుగిన్నెతో పోయొచ్చు. మన ముసలమ్మల ఉగ్గుగిన్నె పాలసీసా కంటే మేలైనది, కడగడమూ తేలికే.

నిజంగా ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. పిల్ల మగతగా పడి తాగడానికే లేవకపోతే, ఒళ్లు చల్లబడితే, అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే, అయిదో రోజు దాటాక కూడా రోజుకు ఆరుసార్లు మూత్రం పోయకపోతే వెంటనే దవాఖానకు పోవాలి. అక్కడ డాక్టరు చెబితే డబ్బా పాలు పట్టడం నేరం కాదు. ఆ తల్లిని వేలెత్తి చూపొద్దు. చట్టం వేలెత్తి చూపింది కంపెనీల వైపు. 1992 చట్టం, 2003 సవరణ ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల డబ్బా పాలకూ పాలసీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదు.

మరి మూడో రాత్రి పక్కన ఎవరుండాలి? ఆసుపత్రిలో పుట్టిన పిల్లను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఈ పద్ధతికి మూలం గోదావరి, ప్రాణహితల అవతలి గడ్చిరోలి. అక్కడ 1990లలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసిపిల్లల సంరక్షణ నేర్పి, పిల్లల చావులు బాగా తగ్గించవచ్చని చూపించారు. 2011 నుంచి అది దేశమంతటా పథకం. కాగితం మీద బాగుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య నాలుగు రాత్రులున్నాయి, ఆ నాలుగే గట్టివి. అమ్రాబాద్ అడవిలోపలి పెంటలకు దారి సంగతి తెలిసినవాళ్లకు మూడో రోజు సంగతి కూడా చెప్పక్కర్లేదు. తండాల్లో ఇంకో లోటు ఉంది. పక్కన కూర్చోవాల్సిన అత్తో అమ్మో పుణె, ముంబై వలసలో ఉంటుంది, లేదంటే గద్వాల విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయి ఉంటుంది. 2017లో మొదలైన కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర, బట్టలు వచ్చాయి, మనిషి రాలేదు.

కాన్పు ఆసుపత్రికి పోవడం మంచిదే, తల్లులు బతికారు. కాని మంత్రసాని పని పోయినప్పుడు బొడ్డు కోసే చేత్తో పాటు, రొమ్ము పట్టించే చెయ్యి కూడా ఇంట్లోంచి పోయింది. మొదటిదానికి నర్సు వచ్చింది. రెండోదాని చోటు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

టీచర్లు పిల్లల చేత పాటలు, సామెతలు సేకరింపజేస్తున్నారు. ఈసారి ముసలమ్మల దగ్గరికి పంపేటప్పుడు పెళ్లిపాటలతో పాటు ఇంకో ప్రశ్న కూడా ఇవ్వండి: నీ మొదటి పిల్ల చన్ను పట్టనప్పుడు ఏం చేసినవు, పక్కన ఎవరున్నారు? మగపిల్లలు కూడా అడగాలి, రేపు డబ్బా కోసం బండి తీసేది వాళ్లే. చెప్పిన మాటలు చెప్పినట్టే రాయాలి, దిద్దొద్దు. మేము అడిగిన చోట ఒక పెద్దమ్మ 'చేపు' అనే మాట వాడింది. దూడ తల ఆనించగానే ఆవు పొదుగులోకి పాలు దిగడాన్ని చేపడం అంటారు. పిల్లను ఒంటికి హత్తుకొని, ఎవరూ తిట్టకుండా, నిమ్మళంగా కూర్చుంటే మనిషికీ చేపు వస్తుందని ఆమె చెప్పింది. ఏ ఫ్లెక్సీ మీదా మాకు ఆ మాట కనబడలేదు.