సంతకం లేని మూడో మనిషి

చందానగర్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట తర్వాత వచ్చేది హైటెక్ సిటీ. అక్కడి సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టించాయి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అన్న మాట మన పాలకుల నోట బాగా నానింది ఆ రోజుల్లోనే. భవనాలకు, తర్వాత మెట్రోకు వాడిన ఆ పద్ధతే మన పిల్లల చదువుకూ వచ్చింది. దాని పేరు బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం.

పేరులోనే ఒక ఒప్పుకోలు ఉంది. దొరికే వాటిలో మంచి బడి ప్రైవేటుదేనని సర్కారే చెబుతోంది. దరఖాస్తు పెట్టిన ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో కొందరిని లాటరీ తీసి అక్కడికి పంపుతుంది, ఫీజు తాను కడతానంటుంది. చీటీ రాని పిల్ల ఎక్కడ చదవాలి? సర్కారు తానే తక్కువ చేసిన బడిలో. ఇలా అడిగితే, చీటీ వచ్చినవాళ్ల సంతోషం చూడలేరా అంటారు. చూస్తున్నాం కనుకే రాస్తున్నాం.

2025 దసరా సెలవులయ్యాక తెలంగాణలో ఆ పిల్లలు తిరిగి వెళ్తే కొన్ని యాజమాన్యాలు లోపలికి రానివ్వలేదు. ప్రభుత్వం బకాయిలు కట్టలేదన్నాయి. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. తప్పంతా యాజమాన్యాలదే అని మేం అనం. అన్నం వండాలి, జీతాలివ్వాలి. నెలల తరబడి డబ్బు రాకపోతే చిన్న బడి తట్టుకోలేదు. కానీ ఇద్దరు పెద్దల మధ్య లెక్క తేలక గేటు బయట నిలబడింది మాత్రం ఆ ఒప్పందంలో సంతకం లేని పిల్ల.

అంతకు ముందు నెలలోనే, మెట్రో నుంచి తప్పుకుంటామన్న ఎల్ అండ్ టీ దగ్గర నుంచి ఆ ప్రాజెక్టును సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా తీసుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. మియాపూర్‌లో రైలు ఆగకూడదు, నిజమే. మరి బడి?

కంపెనీలు ఇస్తాయి కదా అనేవాళ్లున్నారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. తాము పనిచేసే చోటికి, చుట్టుపక్కలకు ముందు చూడాలని కూడా ఆ సెక్షనే అంటుంది. గచ్చిబౌలి కంపెనీకి చుట్టుపక్కలంటే శేరిలింగంపల్లి. ఉట్నూరు గూడేల పక్కన అంత కంపెనీ ఏది? వచ్చినా బెంచీలు, కంప్యూటర్లు వస్తాయి. గోండి, కోయ, కొలామి, బంజారా సహా ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెచ్చింది ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే. లాభం చూసుకునే బడి ఆ పని నెత్తిన వేసుకోదు.

పథకం ఎత్తేయమని మేం అడగడం లేదు. చదువుతున్న పిల్లలు వీధిన పడతారు. ఏడాది ఫీజు జూన్‌కు ముందే విడిగా జమ చేయాలి. బకాయి ఉన్నా పిల్లను బయట నిలబెట్టకూడదని ఒప్పందంలో రాయాలి. ఉపాధ్యాయ మిత్రులారా, మీ తండా, మీ గూడెం నుంచి ఈ బడులకు వెళ్లిన పిల్లల పేర్లు రాసి పెట్టుకోండి. ప్రతి సెలవుల తర్వాత ఎవరు ఇంటి దగ్గరే ఉండిపోయారో చూసి, ఆ జాబితాతో జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.