రేవతి నాన్న, మర్ఫ్ నాన్న

‘మాయాబజార్’లో ఛాయాదేవి వేసిన రేవతి గుర్తుందిగా. రాజ్యం పోయిన అభిమన్యుడికి పిల్లనివ్వనని భీష్మించుకున్న బలరాముడి భార్య. నిజానికి ఆవిడ ఆ కాలపు మనిషే కాదు. భాగవతం నవమ స్కంధం ప్రకారం కకుద్మి మహారాజు కూతురికి తగిన వరుణ్ణి అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళాడు. అక్కడ గంధర్వగానం సాగుతోంది. పాట మధ్యలో అడగడం బాగుండదని కాసేపు ఆగాడు. పాట అయ్యాక తన మనసులో ఉన్న రాజకుమారుల సంగతి చెబితే బ్రహ్మ నవ్వాడు. ఆ కాసేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోయాయి. ఆ కుర్రాళ్ళే కాదు, వాళ్ళ మునిమనవల పేర్లు కూడా ఇప్పుడు వినబడవు.

క్రిస్టఫర్ నోలన్ ‘ఇంటర్‌స్టెల్లార్’ (2014) మొదటిసారి చూసినప్పుడు నాకు ఈ కకుద్మే గుర్తొచ్చాడు. అతను చేసిన తెలివైన పని ఒక్కటే, పిల్లని వెంట తీసుకెళ్ళడం. ఈ సినిమాలో నాన్న కూపర్ ఆ పని చెయ్యలేకపోయాడు. పదేళ్ళ మర్ఫ్‌ని ఇంట్లో వదిలి, మనుషులు బతకగలిగే మరో గ్రహం వెతకడానికి రాకెట్ ఎక్కాడు. మూడు గంటల సినిమా ఆ ఒక్క తేడాలోంచి పుట్టింది.

ప్రేమా, కర్తవ్యమా అన్న తగువు మనకు కొత్తది కాదు. పోలీసు అన్న, దొంగ తమ్ముడు కథలు ఎన్ని చూడలేదు! కానీ వాటిలో ఖరీదు దగ్గరికొచ్చేసరికి బేరం కుదురుతుంది. క్లైమాక్సులో తమ్ముడు మారిపోతాడు, లేదా తూటాకి అడ్డుపడతాడు, అన్న ఖాకీ బట్టల మీద మరక పడదు. సైన్స్ ఫిక్షన్ చేసే మొదటి పని మీటరు వెయ్యడం. ఆటో కదలకముందే మీటరు తిప్పినట్టు, కథ కదలకముందే ఒక నియమం పెడుతుంది. ఆ నియమానికి జాలి ఉండదు. కన్నీళ్ళు పెట్టుకున్నా అంకె తగ్గదు. ఈ ప్రక్రియ గొప్పతనం గ్రాఫిక్సులో ఉందనేవాళ్ళతో నేను ఏకీభవించను. దాని బలం ఈ మీటరులోనే ఉంది.

‘ఇంటర్‌స్టెల్లార్’ మీటరు ఇది: గార్గాంటువా అనే కృష్ణబిలం పక్కనున్న నీటి గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద 7 సంవత్సరాలు. ఈ లెక్క నోలన్ పట్టుబట్టి అడిగింది. సినిమాకి శాస్త్ర సలహాదారు కిప్ థార్న్, తర్వాత 2017లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాయన, మొదట కుదరదనుకున్నాడు. కూర్చుని లెక్క కడితే, కృష్ణబిలం దాదాపు గరిష్ఠ వేగంతో తనచుట్టూ తాను తిరుగుతుంటే సాధ్యమేనని తేలింది. అంటే ఒక నాన్న పడే బాధకి సాపేక్ష సిద్ధాంతంలోంచి కొలత తీశారు.

ఆ గ్రహం మీద కొండంత అల ఒకటి వచ్చి పడుతుంది. ఇంజన్‌లో నీళ్ళు దూరి కాసేపు ఆలస్యమవుతుంది. తిరిగి నౌకలోకి వస్తే అక్కడే ఉండిపోయి ఇప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ సహచరుడు రోమిలీ గడ్డం నెరిసిపోయి ఉంది. 23 ఏళ్ళ 4 నెలల 8 రోజులట. అప్పుడు కూపర్ తెర ముందు కూర్చుని ఇంటి నుంచి వచ్చిన సందేశాలు వరసగా చూస్తాడు. కొడుకు టామ్ బడి చదువు ముగించాడు, పిల్లను చూసుకున్నాడు, కొడుకు పుట్టాడు, ఆ పసివాడినీ తాతనీ పెరట్లో పూడ్చిపెట్టాడు. ఇక నిన్ను వదిలేసుకుంటున్నాను నాన్నా అన్న అర్థం వచ్చే మాట చెప్పి తెర ఆపేశాడు. తర్వాత మర్ఫ్ కనిపిస్తుంది, 23 ఏళ్ళలో మొట్టమొదటిసారి. నాన్న వెళ్ళిననాటి వయసు తనకి వచ్చిందని చెప్పడానికి. ఈ మొత్తంలో కెమెరా ఎక్కువసేపు మాథ్యూ మెకానహే ముఖం మీదే ఉంటుంది. అంతరిక్షం లేదు, అల లేదు. ముక్కు ఎగబీలుస్తూ తెర చూస్తున్న ఒక మనిషి. పిల్లల్ని ఇండియాలో పెద్దవాళ్ళ దగ్గర వదిలి అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉద్యోగాలు చేసినవాళ్ళకి ఆ తెర ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంకో చిన్న పనితనం. సినిమా మొదట్లో మర్ఫ్ ట్రక్కులో దుప్పటి కింద దాక్కుని నాన్నతో వచ్చేస్తుంది. ఆఖరిసారి ఇల్లు వదిలినప్పుడు కూపర్ డ్రైవ్ చేస్తూనే చెయ్యి చాపి ఆ దుప్పటి ఎత్తి చూస్తాడు. ఎవరూ లేరు. ట్రక్కు ఇంకా మట్టిరోడ్డు మీద ఉండగానే రాకెట్ కౌంట్‌డౌన్ వినిపించడం మొదలవుతుంది. ఇల్లు వదలడానికీ భూమి వదలడానికీ మధ్య ఒక్క షాటు కూడా ఖర్చు పెట్టలేదు. సంగీతం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. నోలన్ హాన్స్ జిమ్మర్‌కి కథ చెప్పలేదు, అంతరిక్షం అన్న మాటే ఎత్తలేదు. ఒక తండ్రీబిడ్డల గురించి ఒక కాగితం ఇచ్చి బాణీ కట్టమన్నాడు.

ఇక అందరూ వెక్కిరించే సీను, కూపర్ సహచరి అమీలియా బ్రాండ్ ప్రేమ గురించి చేసే ఉపన్యాసం. ఇంధనం చాలదు, రెండు గ్రహాల్లో ఒకటే ఎంచుకోవాలి. ఒకదాని మీద ఆమె ప్రేమించిన ఎడ్మండ్స్ ఉన్నాడు. నువ్వు ప్రేమ కళ్ళతో చూస్తున్నావని కూపర్ తోసిపుచ్చుతాడు. అతను మాత్రం ఏ కళ్ళతో చూస్తున్నాడు? ఇంటికి వెళ్ళాలనే కదా అతని తొందరంతా! ఉపన్యాసం బరువుగా ఉన్నమాట నిజమే కానీ, ఇద్దరిలో నిజాయితీగా మాట్లాడింది ఆమే. చివరికి బతకడానికి పనికొచ్చేదీ ఆ ఎడ్మండ్స్ గ్రహమే. నాకు రుచించనిది వేరే ఉంది. పుస్తకాల అర వెనక నుంచి కూపర్ గతాన్ని తట్టే ఆఖరి ఘట్టంలో సినిమా తన మీటరునే వెనక్కి తిప్పింది.

అలా తిప్పకుండా కడదాకా నిలబడ్డది తర్కోవ్‌స్కీ ‘సొలారిస్’ (1972). కెల్విన్ అనే మనస్తత్వవేత్తకి అప్పగించిన పని, ఒక వింత సముద్రం మీద తేలే స్టేషన్‌ని నడపాలా, మూసెయ్యాలా అని తేల్చడం. ఆ సముద్రం మనుషుల జ్ఞాపకాల్ని ప్రాణంతో పంపిస్తుంది. ఆత్మహత్య చేసుకున్న భార్య హరి అతని గదిలో ప్రత్యక్షమవుతుంది. ఆమె గౌను విప్పబోతే వెనకున్న తాళ్ళు ఉత్త అలంకారం, విప్పడానికి దారే లేదు. కత్తెరతో కొయ్యాల్సి వస్తుంది. మొగుడికి గౌను గుర్తుంది గానీ అది ఎలా విప్పుతారో గుర్తులేదన్నమాట! ప్రేమ ఎంతవరకు చూసిందో ఆ కత్తెర కొలిచి చెప్పింది. చివరికి, తనని మాయం చెయ్యమని మిగతా శాస్త్రవేత్తల్ని అడిగేది హరే, కెల్విన్‌కి తెలియకుండా. నవల రాసిన స్తానిస్లావ్ లెమ్‌కి సినిమా నచ్చలేదు. తర్కోవ్‌స్కీ తన కథ బదులు ‘నేరము శిక్ష’ నవలని తీశాడని విసుక్కున్నాడు. అది తిట్టేమీ కాదని నా అభిప్రాయం.

‘అరైవల్’ (2016)లో మీటరు ఒక వ్యాకరణం. కాలాన్ని ఒకేసారి చూపించే భాష నేర్చుకున్న లూయీస్‌కి, పుట్టబోయే కూతురు చిన్నవయసులోనే పోతుందని తెలుసు. తెలిసే కంటుంది. ఆ పిల్ల పేరు హానా, ఇంగ్లీషు అక్షరాల్లో ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. వికటకవి పుట్టిన భాషవాళ్ళం, మనకి ఆ కిటుకు చటుక్కున పట్టుబడుతుంది.

ఆ వికటకవి, చంద్రమోహన్ రూపంలో, సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)లో కనిపిస్తాడు. ఇష్టమైన సినిమాయే, ఎన్నిసార్లయినా చూస్తాను. కానీ అక్కడ కాలయంత్రం వాహనం, మీటరు కాదు. ఆ లోటు తీర్చింది ‘ఒకే ఒక జీవితం’ (2022). 1998కి వెనక్కి వెళ్ళిన శర్వానంద్ అమ్మని చూడగలడు, ఆవిడ చేతి అన్నం తినగలడు. విధిని మాత్రం మార్చలేడు. అమ్మగా వేసిన అమల ముఖం చూస్తూ ఆ నియమం సడలిస్తే బాగుండునని మనమే కోరుకుంటాం. దర్శకుడు శ్రీ కార్తిక్ సడలించలేదు.

చిత్రంగా, వెళ్ళినవాళ్ళందరికీ చివర్లో దొరికేది ఇంటి నకలే. కెల్విన్ నాన్న ఇంట్లో లోపలే వాన కురుస్తుంటుంది, పైనుంచి చూస్తే అది సొలారిస్ సముద్రంలో ఒక ద్వీపం. కూపర్ ఇల్లు అంతరిక్ష కేంద్రంలో మ్యూజియంగా మారింది. మరణశయ్య మీదున్న ముసలి మర్ఫ్ రెండు నిమిషాలు మాట్లాడి నాన్నని పంపించేస్తుంది. బిడ్డ పోవడం తండ్రి చూడకూడదని. అతను ఒక నౌక తీసుకుని వెళ్ళిపోతాడు. కకుద్మి కూడా తిరిగొచ్చి చూస్తే పట్నం ఖాళీ. యక్షుల భయంతో అన్నదమ్ములు ఎటెటో చెదిరిపోయారు. రేవతిని బలరాముడికిచ్చి పెళ్ళి చేసి, ఆ ఇంట్లో ఇక కాలు పెట్టకుండా బదరికాశ్రమానికి బయల్దేరాడు.