నలుసేది, నక్షత్రమేది

తక్కువ వెలుతురులో తీసిన డిజిటల్ ఛాయాచిత్రాల్లో, నున్నగా కనిపించవలసిన చోట ఇసుక చల్లినట్లు కనిపించే చుక్కలను ఛాయాగ్రాహకులు నాయిస్ అంటారు. దాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను నేర్చుకునేవారు సాధారణంగా స్లైడర్‌ను ఎంతవరకు జరపాలన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు గాని, ఆ చుక్కలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియనంతకాలం జరిపే ప్రతి జరుపూ గుడ్డి లెక్కగానే మిగిలిపోతుంది.

నాయిస్‌లో అధికభాగం కెమెరా లోపం కాదు, కాంతి స్వభావం. కాంతి ఫోటాన్లనే విడివిడి కణాలుగా సెన్సర్‌పై పడుతుంది కనుక, ఒకే తీరు వెలుతురున్న గోడను తీసినా పక్కపక్క పిక్సెళ్ళకు అందే ఫోటాన్ల సంఖ్య ఒకేలా ఉండదు. ఆ హెచ్చుతగ్గు సగటు సంఖ్యకు వర్గమూలమంత ఉంటుంది. సగటున 10,000 ఫోటాన్లు అందిన పిక్సెల్‌లో హెచ్చుతగ్గు 100, అంటే 1 శాతం. 100 ఫోటాన్లే అందిన పిక్సెల్‌లో అది 10, అంటే 10 శాతం. నీడల్లో నాయిస్ కొట్టొచ్చినట్లు కనిపించడానికి కారణం ఇదే. ఐఎస్‌ఓ పెంచితే నాయిస్ పుడుతుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది గాని, ఐఎస్‌ఓ అందిన సంకేతాన్ని పెంచి చూపే అమరిక మాత్రమే, అసలు కొరత వెలుతురుదే. సెన్సర్‌ను చదివే సర్క్యూట్లు చేర్చే రీడ్ నాయిస్, దీర్ఘమైన ఎక్స్‌పోజర్లలో వేడి వల్ల ఊరికే వెలిగే హాట్ పిక్సెళ్ళు దీనికి తోడవుతాయి.

సాఫ్ట్‌వేర్ ఈ మొత్తాన్ని రెండు పాళ్ళుగా విడదీస్తుంది: వెలుగునీడల్లో తేడాగా కనిపించే ల్యూమినెన్స్ నాయిస్, ఎరుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపించే కలర్ నాయిస్. మనిషి కన్ను వెలుగునీడల్లోని సూక్ష్మమైన తేడాలను పట్టినంతగా రంగుల్లోని సూక్ష్మమైన తేడాలను పట్టలేదు కాబట్టి రెండోదాన్ని ధారాళంగా తుడిచినా చిత్రానికి పెద్దగా నష్టం ఉండదు. మితిమీరితే మాత్రం నుదుటి బొట్టు ఎరుపు అంచు దాటి చర్మంలోకి పాకుతుంది. అడోబీ లైట్‌రూమ్‌లో రా ఫైల్‌ను, అంటే సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని మార్పుల్లేకుండా దాచే ఫైల్‌ను, తెరిచినప్పుడు కలర్ స్లైడర్ 25 దగ్గర, ల్యూమినెన్స్ స్లైడర్ సున్నా దగ్గర ఉండేలా తయారీదారు అమర్చడం వెనక ఉన్న వివేకం ఇదే.

చిక్కంతా ల్యూమినెన్స్‌తోనే. పక్క పిక్సెళ్ళతో కలిపి సగటు తీస్తే నాయిస్‌తోపాటు అంచులూ కరిగిపోతాయి. ఆంటోనీ బుయాదెస్, బార్తొమెయు కోల్, జాఁ మిషెల్ మొరెల్ 2005లో ప్రతిపాదించిన నాన్ లోకల్ మీన్స్ పద్ధతి పక్కనున్న పిక్సెళ్ళకే పరిమితం కాకుండా, చిత్రంలో అలాంటి తునకలే ఇంకెక్కడ ఉన్నాయో వెతికి వాటన్నిటి సగటు తీస్తుంది. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో ఈ పద్ధతి ఉంది. పట్టుచీర జరీ అంచులో ఒకే బుటా పదేపదే వస్తుంది కనుక అది ఈ పద్ధతికి బాగా లొంగుతుంది. చెంపమీద జారిన వెంట్రుకకు చిత్రంలో జోడీ ఉండదు కాబట్టి అదే ముందు నష్టపోతుంది.

ఈ విద్యకు కఠినమైన పరీక్ష కావాలంటే తెలుగువారి రాత్రి పెళ్ళిళ్ళలో అరుంధతీ దర్శనపు చిత్రాన్ని తీసుకోవచ్చు. (పగటి ముహూర్తాల్లోనూ పురోహితులు అరుంధతిని చూపిస్తారు గాని, అక్కడ నాయిస్ బాధా లేదు, నక్షత్రమూ లేదు.) మండపం దీపాలకు దూరంగా, ముఖాలు సగం చీకట్లో ఉండగా, వైశాఖపు ఆకాశంలో సప్తర్షి మండలం కూడా వచ్చేలా తీసిన చిత్రంలో వసిష్ఠ నక్షత్రం, దాని వెలుగులో సుమారు ఆరోవంతు మాత్రమే ఉన్న అరుంధతి కొద్ది పిక్సెళ్ళ బిందువులుగా నమోదవుతాయి, 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 35 మి.మీ. లెన్స్ తగిలిస్తే ఆ రెంటి మధ్య దూరం 20 పిక్సెళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. చీకటి ఆకాశంలో ఒంటరి తెల్లచుక్క సాఫ్ట్‌వేర్ దృష్టిలో నాయిస్ లాంటిదే. ముఖాల నీడలు శుభ్రపడేంతగా ల్యూమినెన్స్ స్లైడర్‌ను చిత్రమంతటికీ జరిపితే అరుంధతి ముందు మాయమవుతుంది, వసిష్ఠుడు ఒంటరిగా మిగులుతాడు, పురోహితుడి వేలు శూన్యాన్ని చూపిస్తుంది. అనుభవజ్ఞులు అందుకే చిత్రాన్ని మాస్కులతో, అంటే సవరణ వర్తించవలసిన భాగాన్ని మాత్రమే గుర్తించే హద్దులతో, విడగొట్టి ఆకాశంలో కలర్ నాయిస్‌ను మాత్రమే తుడిచి, ల్యూమినెన్స్ సవరణను ముఖాలకు, బట్టల నీడలకు పరిమితం చేస్తారు. ఏ చుక్క ఉండాలో ఏది పోవాలో తేల్చడానికి అక్కడ ఖగోళ పరిజ్ఞానం కొంత అవసరమవుతుంది గాని, ఏ స్లైడరూ దాన్ని సమకూర్చదు.

కృత్రిమ మేధతో పనిచేసే సాధనాలు, ముఖ్యంగా 2023 ఏప్రిల్‌లో అడోబీ విడుదల చేసిన డీనాయిస్, ఈ శ్రమను చాలావరకు తగ్గించాయి. నాయిస్ ఉన్నవి, లేనివి జతలుగా చూపి శిక్షణ ఇచ్చిన వ్యవస్థలు కావడం వల్ల అవి పాత పద్ధతులకు అందని వివరాన్ని నిలుపుతాయి. అయితే సమాచారం బొత్తిగా లేనిచోట ఉండదగిన దాన్ని ఊహించి పూరించే ప్రమాదమూ ఉంది. వెనక వరుసలో మసకగా కూర్చున్న బంధువులకు ఎవరివీ కాని ముఖాలు రావడం ఆల్బమ్ చూసే పెద్దలు త్వరగానే పట్టే తప్పు.

చిత్రాన్ని నూరుశాతం పెద్దదిగా చేసి చూస్తూ ప్రతి చుక్కనూ వేటాడడం కొత్తవారి అలవాటు. 6,000 పిక్సెళ్ళ వెడల్పున్న చిత్రాన్ని ఫోన్ తెర కోసం 1,500 పిక్సెళ్ళకు కుదిస్తే ప్రతి 16 పిక్సెళ్ళూ ఒకటిగా కలిసి నాయిస్ దానంతటదే నాలుగోవంతుకు దిగుతుంది. అచ్చయ్యే కొలతలో కనిపించని దాన్ని తుడవడానికి చర్మాన్ని మైనపు బొమ్మగా మార్చుకోవడం దండగ.

ఇక రా ఫైళ్ళ విషయం. 2023 నాటి సాధనం అంతకు ఎన్నో ఏళ్ళ ముందు తీసిన రా ఫైళ్ళనూ శుభ్రం చేయగలిగింది. జేపీఈజీలు మాత్రమే మిగుల్చుకున్నవారికి అది వెలువడిన నాటికి అక్కరకు రాలేదు. ఆల్బమ్ అప్పగించాక స్టూడియోలు ఆ ఫైళ్ళను కలకాలం దాచిపెట్టవు కనుక, పెళ్ళివారు బేరం కుదుర్చుకునేనాడే రా ఫైళ్ళు కూడా కావాలని అడిగి, తమ సొంత హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోవడం మంచిది.