తుఫాను మీదకు నెట్టేసిన హత్య

టర్నర్ 1840లో రాయల్ అకాడమీలో పెట్టిన 'బానిస ఓడ' బొమ్మకు అసలు పేరు చాలా పొడవు. బానిస వ్యాపారులు చచ్చినవాళ్లనీ చావబోతున్నవాళ్లనీ సముద్రంలోకి విసిరేస్తున్నారు, టైఫన్ వస్తోంది - అని. ఈ రెండో ముక్క దగ్గరే మేం ఆగాం. టైఫన్ గ్రీకు పురాణంలో జ్యూస్ మీద తిరగబడ్డ రాక్షసుడు. మొదటి ముక్క చరిత్ర, రెండోది పురాణం. మరి బొమ్మలో ఎక్కువ చోటు ఎవరికి దక్కింది?

ఆకాశానికీ నీళ్లకీ. నెత్తురు రంగు సూర్యాస్తమయం కాన్వాసంతా పరుచుకుంది. ఓడ దూరంగా జరిగిపోయింది. మనుషులకు మిగిలింది అడుగుభాగం: సంకెలతో ఒక కాలు, కొన్ని చేతులు, చుట్టూ చేపలు. విసిరినవాళ్ల ముఖాలు అసలే కనబడవు.

ఈ బొమ్మకు మూలమని చాలామంది చెప్పే జాంగ్ ఓడ సంగతి చూడండి. 1781లో ఆ ఓడ మీంచి 130 మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. రోగమొచ్చి చస్తే బీమా రాదు, ఓడను కాపాడ్డానికి 'సరుకు' పారేశామంటే వస్తుంది. తలకు 30 పౌండ్లు. 1783లో కోర్టుకెక్కింది హత్య కేసు కాదు, బీమా కేసు. అక్కడ చంపింది తుఫాను కాదు గదా, లెక్క.

1843లో రస్కిన్ ఈ బొమ్మలో అలల్నీ వెలుగునీ ఆకాశానికెత్తాడు. అది బానిసల ఓడ అన్న సంగతిని మాత్రం పేజీ అడుగున నోటులో పెట్టాడు. ఊరి బయట వాడలో పెరిగినవాళ్లకు ఈ అమరిక కొత్తేం కాదు.

1805లో టర్నర్ తానే జమైకాలో బానిసల శ్రమతో నడిచే పశువుల క్షేత్రంలో 100 పౌండ్లు పెట్టాడు. ఆయన్ని దొంగగా పట్టివ్వాలని ఈ మాట చెప్పడం లేదు. 1840 నాటికి బ్రిటన్ బానిసత్వాన్ని రద్దుచేసి, యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది, బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు. లాంకషైర్ మిల్లులకు అమెరికా బానిసలు ఏరిన పత్తి వస్తూనే ఉంది. ఆ మిల్లుల మీదకు ఏ టైఫనూ రాలేదు.

బానిసత్వాన్ని తుదముట్టించిన అమెరికా ప్రజలకు 1873లో 'గులాంగిరి'ని అంకితమిచ్చిన ఫూలే, అదే పుస్తకంలో విష్ణువు అవతారాల్ని దండయాత్రల చరిత్రగా చదివాడు. రాక్షసుడన్న మాట వినబడితే ఆ పేరెట్టిందెవరని అడగడం మేం అక్కడే నేర్చుకున్నాం. ఇక్కడ రాక్షసుడి పని, మనుషులు చేసిన నేరాన్ని తన నెత్తినేసుకోవడం.

అయితే టర్నర్ గొలుసును దాచలేదు. ఇనప గొలుసులు నీళ్లమీద తేలడమేమిటని 1880లో మార్క్ ట్వైన్ ఎగతాళి చేశాడు. మా పట్టంతా ఆ గొలుసు మీదే. అది కంటబడ్డాక ఆ సూర్యాస్తమయాన్ని రస్కిన్ చూసినట్టు చూడ్డం మావల్ల కాదు.